డిటెక్టరుకు పెట్టిన బొట్టు

ముప్పై నాలుగేళ్లు గుండె ఆసుపత్రుల్లో పనిచేశాను. ఒక్క రోజూ కత్తి పట్టలేదు, ఒక్క సూదీ గుచ్చలేదు. అయినా మా వీధిలో నన్ను డాక్టరుగారనే పిలిచేవారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి, తర్వాత విసుగొచ్చి మానేశాను. నేను క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టరు మణికట్టులోంచో తొడలోంచో రక్తనాళంలోకి సన్నని తీగ పంపి గుండె దాకా తీసుకెళ్తుంటే, ఆ తీగ ఎక్కడుందో ఎక్స్‌రేలో చూపించడం నా పని. ఆ గదిలో మనిషి లోపలికి తొంగిచూసే కిటికీ ఒక్కటే ఉంటుంది. దాని అద్దం తుడిచేవాణ్ణి నేను.

ఈ మధ్య ఈ కోర్సు చదివిన పిల్లలు సలహాల కోసం ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచాలోని మా ఇంటికి వస్తున్నారు. ఏ కంపెనీ మెషిన్ మంచిది, ఏ ఊళ్లో ఉద్యోగం దొరుకుతుంది, ఇవే అడుగుతారు. అవి నాకన్నా వాళ్ల ఫోనుకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక తప్పు గురించి. దాన్ని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వమే ఉంది. తప్పు చేసినందుకు కాదు లెండి.

నాన్న భూతద్దం

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఇరుసులు చూసేవాడు. శ్రీకాకుళం పక్కనుంచి తాత వచ్చి ఇక్కడ కొలిమి దగ్గర చేరితే, నాన్న చక్రాల షాపు దాకా ఎదిగాడు. ఇరుసులో పగులు కంటికి కనపడదు. అందుకని ఇరుసుకు నూనె రాసి, పొడిగా తుడిచేసి, పైన సుద్ద పూసేవారు. పగులు ఉంటే అందులో దాగిన నూనె మెల్లగా సుద్దలోకి ఊరి, వెంట్రుకంత గీత తేలుతుంది. ఆ గీత కోసం నాన్న భూతద్దం పట్టుకుని గంటలకొద్దీ కూచునేవాడు.

విశ్వకర్మ పూజనాడు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లకి కూడా తీసేవారు. పిల్లలమంతా కొత్త బట్టలు కట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లం. ఆ రోజు షాపులో పని ఉండదు. లేతు మెషినుకీ, క్రేనుకీ, సుత్తికీ, అన్నిటికీ నూనెలో కలిపిన సింధూరం పెట్టేవారు. అలాంటి ఒక పూజనాడు నాన్న తన భూతద్దం నా చేతికిచ్చి ఇరుసు చూడమన్నాడు. నాకు గీత కనిపించింది. ఎగిరి గంతేశాను.

నాన్న నవ్వి, "గీత ఇరుసుదా, అద్దానిదా? ఇరుసు తిప్పితే తేలిపోతాది," అన్నాడు.

తిప్పాడు. ఇరుసు తిరిగింది, గీత కదల్లేదు. అద్దం మీదే సన్నని గాటు ఉంది. నేను చిన్నబోయాను. నాన్న అద్దం తీసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ మాట నాకెన్నడో అక్కరకొస్తుందని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

కొత్త కన్ను

నేను చేరినప్పటి యంత్రాల్లో బొమ్మ చలికాలం పొగమంచులో మా ఊరి పూరీ గేట్ చూసినట్టు ఉండేది. ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. గుండె నాళంలో నడిచే తీగ తల వెంట్రుకకన్నా కాస్త లావు. నాళం తెరిచి ఉంచడానికి పెట్టే స్టెంటు లోహపు జాలీ, దాని ఊచలు ఆ తీగకన్నా సన్నం. వాటిని ఊహించుకుంటూ పనిచేసేవాళ్లం. డాక్టర్లు కూడా ఊహించుకుంటూనే చేసేవారు, బయటికి మాత్రం చెప్పేవారు కాదు.

తర్వాత ఎక్స్‌రేని పట్టి బొమ్మగా మార్చే పలక లాంటి డిటెక్టర్లు వచ్చాయి. నేను చివరి పదేళ్లకు పైగా పనిచేసిన ఆసుపత్రిలో రెండు రకాలుగా చూపించే డిటెక్టరు తెచ్చారు. మామూలుగా నడిపితే వెడల్పుగా చూపిస్తుంది. ఇంకో మీట నొక్కితే మధ్యలో చిన్న చోటునే తీసుకుని, అందులో స్టెంటు ఊచ ఊచా చూపిస్తుంది. దీన్ని మేము ఫైన్ అనేవాళ్లం. దాన్ని బిగించిన వారంలోనే గోల్‌బజార్‌లో బట్టల కొట్టు నడిపే ఒకాయనకు స్టెంటు వేశారు. మామూలు బొమ్మలో అంతా బాగుంది. ఫైన్ నొక్కితే ఒక పక్క ఊచలు ముడుచుకుని ఉన్నాయి. మళ్లీ బెలూన్ పెట్టి విప్పారు. అలాగే వదిలేసి ఉంటే అక్కడే రక్తం గడ్డకట్టేది. ఆయన కొడుకు వచ్చి మా అందరికీ మిష్టీ, అదే మిఠాయి, పంచాడు. ఆ రోజు నుంచి నేను నేల మీద నడవలేదు. పాత కన్నుకు దొరకనిది కొత్త కన్ను పట్టుకుంటుందని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను.

మా పెద్ద డాక్టరు మిత్ర మేడమ్. బెంగాలీ మనిషి. పొట్టిగా ఉంటుంది, మాట మాత్రం పొడుగు. ఆవిడ తిట్టని మనిషి ఆ ఆసుపత్రిలో లేడు. నన్ను సూరిదా, అంటే సూరన్నా అని పిలిచి మరీ తిట్టేది. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. బాసుల్లో రెండు రకాలుంటారు. కొందరు కింద వాడు నోరెత్తితే ఏమి తప్పు చెప్పాడో వెతుకుతారు. కొందరు ఏమి చెప్పాడో వింటారు. ఆవిడ ముందు విని తర్వాత తిట్టేది. ఆ వరస ఎంత ముఖ్యమో పిల్లలూ, మీకు కూడా ఒకరోజు తెలుస్తుంది.

పూజనాడు నేను చేసిన పని

డిటెక్టరుకు అప్పుడప్పుడూ ఖాళీ చూపించాలి. మధ్యలో ఏమీ లేకుండా ఎక్స్‌రే వదిలి, ఏమీ లేకపోవడమంటే ఇదీ అని దానికి నేర్పాలి. కూరగాయల మనిషి పొద్దున్నే తక్కెడ రెండు పళ్లేలూ సమంగా ఉన్నాయా అని చూసుకున్నట్టే ఇది. దీన్నే కాలిబ్రేషన్ అంటాం. ఆ సమయంలో పళ్లెం కింద చింతపండు అంటుకుని ఉంటే ఇంకేముంది, ఆ తర్వాత తూచిందంతా తప్పే.

ఆ ఏడు విశ్వకర్మ పూజనాడు కేసులు లేవు. పొద్దున పూజ చేసుకున్నాం. ఎవరు ఏమన్నా నేను వర్క్‌షాపు బిడ్డని. యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టి డిటెక్టరును వదిలేస్తానా? పైగా ఆ గదిలో కన్ను అదే కదా. మేడమ్ చూస్తే తిడుతుందని అగ్గిపుల్ల చివరతో, పెసరగింజంత సింధూరం, డిటెక్టరు ముఖం మీద సరిగ్గా నడి మధ్యన పెట్టాను. అగ్గిపుల్ల కాస్త జారి చుక్కకు చిన్న తోక వచ్చింది.

మధ్యాహ్నం గది ఖాళీగా ఉంది కదా అని ఫైన్ కాలిబ్రేషన్ చేద్దామనుకున్నాను. ముందు డిటెక్టరు ముఖం తుడవాలి. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. పూజనాడు పెట్టిన బొట్టు ఆనాడే తుడవడమేమిటని మనసొప్పలేదు. మా ఇళ్లల్లో ఎవరూ అలా చేయరు. ప్లాస్టిక్కు, గుడ్డ, పత్తి ఎక్స్‌రేకి కనపడవు, పెసరగింజంత బొట్టు కనపడుతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గుడ్డ మడిచి పెట్టేసి మీట నొక్కాను. యంత్రం అంతా సవ్యంగా ఉందని చెప్పింది. ఇంటికెళ్లి ఖిచుడీ తిని, తాల్‌బగీచా మేడల మీద పిల్లలు పూజనాటి గాలిపటాలు ఎగరేస్తుంటే చూస్తూ కూచున్నాను.

మర్నాడు పొద్దున్న శుభ్రం చేసే దీదీ స్పిరిట్‌తో డిటెక్టరును అద్దంలా తుడిచేసింది. తప్పు లేదు, ఆవిడ పని ఆవిడ చేసింది. బొట్టు పోయింది. యంత్రం తలలో మాత్రం అది అలాగే ఉండిపోయింది.

అప్పలస్వామి

ఆ రోజు రెండో కేసు అప్పలస్వామిది. ఎక్స్‌ప్రెస్ బండి నడిపే లోకోపైలట్. మా వీధికి రెండు వీధుల అవతల ఉంటాడు. నాకంటే చిన్నవాడు, సూరన్నా అని పిలుస్తాడు. ఒంట్లో ఏ బాధా లేదు. రైల్వేవాళ్లు వేళకి చేసే మెడికల్‌లో ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఈసీజీ గీతల్లో ఏదో అనుమానం వచ్చింది. నాళాలు చూసి రమ్మని మా దగ్గరికి పంపారు.

బండి నడిపే మనిషికి గుండె బాగుండాలి. స్టెంటు పడితే ఇంజను మీంచి దింపేస్తారు, షెడ్డులో కుర్చీ వేసి కాగితాలు ఇస్తారు. జీవనానికి లోటుండదు. కానీ అప్పలస్వామి లాంటివాడికి అది బతుకు కాదు. అతని తాత బొగ్గు వేశాడు, తండ్రి డీజిల్ నడిపాడు, ఇతను కరెంటు ఇంజను నడుపుతున్నాడు. అతని భార్య పైడమ్మ మా గది బయట బెంచీ మీద కూచుని ఉంది. చేతిలో సంచీ గట్టిగా పట్టుకుని, ఎవరు తలుపు తీసినా లేచి నిలబడుతోంది.

మా దగ్గర మనిషి మెలకువగానే ఉంటాడు. మణికట్టు దగ్గర మాత్రమే మత్తు. డై అంటే నాళాల్లోకి వదిలే మందు. దాన్ని కొడితే నాళాలు తెర మీద నల్లగా కనిపిస్తాయి. మేడమ్ మామూలు బొమ్మలో చూసింది. పెద్దగా ఏమీ లేదు. "ఒకసారి ఫైన్‌లో చూపించు, సూరిదా," అంది. నొక్కాను.

గుండె ముందు వైపు దిగే పెద్ద నాళంలో, నల్లని గీత మధ్యలో, తెల్లని మచ్చ ఒకటి. రక్తం గడ్డ ఉంటే సరిగ్గా అలాగే కనిపిస్తుంది, డై వెళ్లని చోటు తెల్లగా ఉంటుంది. మేడమ్ ముఖం మారింది. యంత్రాన్ని తిప్పి ఇంకో పక్కనుంచి చూసింది, ఆ నాళాన్నే తెర మధ్యకు తెచ్చి. అక్కడా ఉంది. గుండె కొట్టుకుంటుంటే నాళం ఊగుతుంది కాబట్టి మేము బొమ్మను ఆపి చూస్తాం. ఆపిన ప్రతి బొమ్మలోనూ ఉంది.

నేను ఊరుకున్నానా? "పాత కన్నుకు దొరకనిది కొత్త కన్ను పట్టుకుంది, మేడమ్," అన్నాను. ఈ మాట అన్నది నేనే. రాయకుండా దాచుకోవచ్చు, కానీ రాస్తున్నాను.

మేడమ్ తీగ లోపలికి పంపింది. స్టెంటు కొలత కావాలని, మచ్చ ఎంత పొడవుందో చూడమని నాకు చెప్పింది. అప్పలస్వామికి బెంగాలీలోనూ హిందీలోనూ సంగతి చెప్పింది. అతను విన్నాడు. తల కదపకుండా కళ్లు మాత్రం నేను కూచునే పక్కగది గాజు కిటికీ వైపు తిప్పి, మైకులో వినపడేటట్టు తెలుగులో అడిగాడు.

"సూరన్నా, నిజం సెప్పు. నా బండి పోయినట్టేనేటి?"

ధైర్యంగా ఉండమన్నాను. అదేం జవాబో నాకే తెలియదు.

తోక

కొలవడానికి బొమ్మను పెద్దది చేశాను. మచ్చ గుండ్రంగా ఉంది. కుడి పక్క కిందికి చిన్న తోక ఉంది.

ఆ తోక నాకు తెలుసు. నిన్న పొద్దున్న అగ్గిపుల్లతో నేను గీసిందే. ఆ చుక్క డిటెక్టరుకు నడి మధ్యన పెట్టాను. మేము ఏ నాళాన్ని అనుమానిస్తామో దాన్నే నడి మధ్యకు తెస్తాం. ఇక ఏ పక్కనుంచి చూసినా అందులోనే కనపడుతుంది కదా.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. ఎంతసేపో కాదు, మేడమ్ ఒకసారి కొలత ఎంత అని అడిగేంతసేపు. ఆ కాస్తలో బుర్రలో చాలా తిరిగాయి. చెప్పి, అది నిజంగా గడ్డే అయితే? రేపు ఆ గడ్డతోనే ఇతను వెయ్యిమందిని వెనకాల కట్టుకుని బండి నడుపుతాడు. చెప్పకపోతే, లేని జబ్బుకు గుండెలో లోహం పెట్టి ఇతని ఇంజను నేనే లాక్కున్నవాణ్ణవుతాను. చెప్తే నా ఉద్యోగం, నా పేరు, నా కొత్త కన్ను గొప్పలూ అన్నీ పోతాయి. ఉద్యోగం గురించి ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను.

అప్పుడు నాన్న మాట గుర్తొచ్చింది. ఇరుసు తిప్పితే తేలిపోతాది.

మైకు నొక్కి, "మేడమ్, స్టెంటు వేయకండి. టేబుల్ రెండు వేళ్లు పక్కకు జరిపి ఒక్కసారి డై కొట్టండి," అన్నాను.

"కేనో?" అంది. ఎందుకు అని. గొంతులో తిట్టు సిద్ధంగా ఉంది.

"మచ్చ మనిషిదో, నా అద్దానిదో తేలాలి మేడమ్."

ఆవిడ ఒక్క క్షణం గాజులోంచి నన్ను చూసింది. తర్వాత టేబుల్ జరిపి, డై కొట్టింది. నాళం ఎడమకు జరిగింది. నల్లగా, నిండుగా, ఒక్క మచ్చ లేకుండా. మచ్చ మాత్రం తెర మధ్యలో, తోకతో సహా, ఎక్కడున్నది అక్కడే ఉంది. మామూలు మీట నొక్కాను. మచ్చ మాయమైంది. పూజనాడు నేను కాలిబ్రేషన్ చేసింది ఫైన్‌కి మాత్రమే కదా మరి. పొద్దున మొదటి కేసు కాలి నాళానిది, అదంతా మామూలులోనే చేశాం. అందువల్ల ఆ మనిషికి మా మచ్చ అంటలేదు. ఆ సంగతి తలుచుకుని ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో లెక్క లేదు.

మేడమ్ తొందరపడలేదు. నాళాన్ని మచ్చకు దూరంగా ఉంచి, నాలుగు పక్కలనుంచీ మళ్లీ చూసింది. ప్రతి కొమ్మా చూసింది. అంతా శుభ్రం. తీగ బయటికి లాగేసింది. అప్పలస్వామితో ఆవిడే హిందీలో చెప్పింది, నీ గుండె బాగుంది, ఠీక్ హై, వెళ్లి బండి నడుపుకో అని. ఆ మనిషి ఏడ్చేశాడు. గాజు వెనకాల నేనూ ఏడ్చాను. నా ఏడుపు ఎవరూ చూడలేదు, మైకు మాత్రం నొక్కే ఉంది.

కాగితం మీద రెండు చుక్కలు

గది ఖాళీ అయ్యాక మేడమ్ దగ్గరికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. పూజ, అగ్గిపుల్ల, మడిచి పెట్టిన గుడ్డ, అన్నీ. విన్నాక, "ఇన్నేళ్లలో మొదటిసారి ఒక బొట్టుకు స్టెంటు వేయబోయాను, సూరిదా," అంది. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే.

తర్వాత అప్పలస్వామికి, పైడమ్మకు నేనే చెప్పాను. ఆ పని మేడమ్ చేస్తానంది, వద్దన్నాను. పైడమ్మ ఊరుకుంటుందా?

"బొట్టెట్టి మా ఆయనకి జబ్బు అంటగట్టినారేటి బావగారూ?" అంది. "మాం రోజూ బొట్టెట్టుకుంతన్నాం. మాకేటీ అవలేదే?"

బొట్టు ఎక్స్‌రేకి ఎందుకు అడ్డుపడిందో నాకూ తెలియదు. అప్పుడే ఒక ఆలోచన తట్టింది. పైడమ్మ సంచీలో అమ్మవారి కుంకుమ పొట్లం ఉంది. కాగితం మీద ఆ కుంకుమతో ఒక చుక్క, పూజ పళ్లెంలో మిగిలిన సింధూరంతో ఇంకో చుక్క పెట్టాను. ఆ కాగితాన్ని టేబుల్ మీద ఉంచి, అందర్నీ గాజు ఇవతలికి తెచ్చి, ఎక్స్‌రే వదిలాను. తెర మీద ఒక్క చుక్కే వచ్చింది, నల్లగా, సింధూరానిది. కుంకుమ జాడే లేదు. ఆ నలుపునే ఖాళీ అని నేర్చుకున్న యంత్రం, బొట్టు పోయాక కూడా ఆ చోట వెలుగు పెంచి చూపించింది, అందుకే మచ్చ తెల్లగా పడింది. కుంకుమ పసుపుతో చేసేది. వర్క్‌షాపులో లాగే మేము పెట్టిన సింధూరంలో సీసం ఉంటుంది. మేమంతా ఒంటికి కట్టుకునే బరువు ఏప్రాన్లలో ఉండేది కూడా అదే. ఎక్స్‌రేని ఆపడానికి ప్రపంచమంతా వాడే లోహాన్ని తీసుకెళ్లి నేను ఎక్స్‌రే కంటికి పూశాను.

పైడమ్మ తెర వంక చూసి, "మా అమ్మోరి కుంకం తప్పు సెయ్యదు," అంది. మేడమ్‌కు బెంగాలీలో చెప్పాను. ఆ రోజు ఆవిడ మొదటిసారి నవ్వింది.

పైవాళ్లు ఈ సంగతిని యంత్రలోపం అని రాసి మూసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. యంత్రానికి ఏ లోపమూ లేదు, నేను నేర్పిందే అది నేర్చుకుంది. నా పేరుతో, నా చేతిరాతతో, బొట్టు దగ్గర్నుంచి తోక దాకా రాసిచ్చాను. మేడమ్ కింద సంతకం చేసింది. నాకు హెచ్చరిక కాగితం ఒకటి వచ్చింది. నా సర్టిఫికెట్లన్నీ ఏ పెట్టెలో ఉన్నాయో తెలియదు గానీ ఆ కాగితం మాత్రం పటం కట్టించి ఉంచాను.

పిల్లలకు చెప్పదలచింది

ఎక్కువ కనపడడం వేరు, నిజం కనపడడం వేరు. కన్ను ఎంత పదునుగా ఉంటే దాని మీది నలుసు అంత పెద్దగా కనపడుతుంది. పాత మసక యంత్రం అయితే నా బొట్టు తెలిసేదే కాదు. కాబట్టి కొత్త డిటెక్టరు వచ్చిందని ఎగరకండి, ఇంకొంచెం భయపడండి. ఫైన్ మీట ఊరికే నొక్కకండి కూడా. అందులో రోగికి ఎక్స్‌రే ఎక్కువ తగులుతుంది. అవసరమైతేనే చూడండి, సరదాకి కాదు.

కాలిబ్రేషన్ ముందు తుడవండి. తుడిచాక ఇంకొకరిని పిలిచి చూపించండి. మీ కన్ను మీద మీకున్న నమ్మకం ఆ రోజుకి పక్కన పెట్టండి. అనుమానం వస్తే టేబుల్ జరపండి. మచ్చ మనిషితో పాటు జరిగితే మనిషిది, జరక్కపోతే మనది. దీనికి చదువేమీ అక్కర్లేదు, చక్రాల షాపులో మా నాన్నకు తెలిసినంత చాలు. ఆ తర్వాత యంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చి, నా కథ విని, పడీపడీ నవ్వి, వెళ్లిన ప్రతి ఆసుపత్రిలోనూ చెప్పాడు. కోల్‌కతాలో కొందరు కుర్రాళ్లు టేబుల్ జరిపి చూడడాన్ని ఖరగ్‌పూర్ టెస్టు అంటున్నారని విన్నాను. నా పేరు లేకపోయినా పరవాలేదు, మా ఊరి పేరు ఉంది.

ఇంకొక్క మాట. మీ డాక్టరు ఎంత కోపిష్టిదైనా, మీకు తోక కనపడితే మైకు నొక్కండి. ఆ రోజు నేను గదిలో అందరికన్నా చిన్న చదువు చదివినవాణ్ణి. తోక తెలిసింది నాకొక్కడికే.

పూజ మానేశామా అంటే, లేదు. మరుసటి ఏడు మిత్ర మేడమే సింధూరం పళ్లెం పట్టుకొచ్చింది. గుమ్మానికి పెట్టాం, కరెంటు బీరువాకు పెట్టాం. సీసపు ఏప్రాన్లు తగిలించే స్టాండుకు ఆవిడ తన చేత్తో పెద్ద బొట్టు పెట్టి, ఇక్కడ ఎంత పెట్టినా అడ్డులేదు అంది.

ఆఖరి బండి

నేను రిటైరై రెండేళ్లయింది. మొన్న అప్పలస్వామి వంతు వచ్చింది. రిటైరయ్యే పైలట్ ఆఖరి బండిని తెచ్చేరోజు స్టేషనులో సంబరం చేస్తారు. ఇంటివాళ్లు, తోటివాళ్లు పూలదండలతో ప్లాట్‌ఫారం మీద నిలబడతారు. పైడమ్మ స్వయంగా వచ్చి నన్ను పిలిచింది. మేడమ్‌ను కూడా పిలవమంది. ఆవిడ రాదనుకున్నాను. పొద్దున్నే కేసు ముగించుకుని, చేతికి గ్లోవుల పౌడరుతోనే వచ్చేసింది.

బండి వేళకే వచ్చింది. ఆ పొడుగు ప్లాట్‌ఫారం మీద మెల్లగా, నీళ్లు తొణకనట్టు తెచ్చి ఆపాడు. టేబుల్ మీద పడుకుని నా బండి పోయినట్టేనేటి అని అడిగిన మనిషి, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎన్ని బండ్లు తెచ్చాడో, ఎంతమందిని ఇళ్లకు చేర్చాడో. ప్రతి మెడికల్‌లోనూ గుండె బాగుందనే వచ్చింది. బండిలోంచి దిగే జనం తమ సామాన్లు, తమ పిల్లలు, తమ తొందరలో ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ మా సంగతి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. నాకు మాత్రం ఛాతీ పొంగింది. ఈ ముప్పై నాలుగేళ్లలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే, ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ ఇంజనును చూపించేవాణ్ణి.

ఇంజనుకు దండలు వేశారు. పైడమ్మ పళ్లెంలో వేలు ముంచి ముందుకు వెళ్లింది. ఇంజను ముఖం అంత ఎత్తున ఉంది, ఎవరో స్టూలు వేశారు. ఎక్కి, ఎక్కడ పెట్టాలో తెలియక మొగుడి వైపు చూసింది.

అప్పలస్వామి పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఎక్కడైనా ఎట్టవే," అన్నాడు. "అద్దం మీద మాత్రం ఎట్టకు."

అని భార్యను చూడలేదు, నన్ను చూశాడు. ఏమన్నాడని మేడమ్ నా చెయ్యి లాగింది. బెంగాలీలో చెప్పేసరికి, అంత కోపిష్టి మనిషీ అందరి ముందూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పైడమ్మ అద్దానికి కింద, ఇంజను నుదుటి మీద, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి స్టూలు దిగింది. అప్పలస్వామి లోపలికి వెళ్లి, ఆఖరిసారి, పొడుగ్గా హారన్ కొట్టాడు.